నీలి చుక్క, హుదూదె అర్బా

అమీర్‌పేటలో ఎవరినైనా కలవాలంటే ఒకప్పుడు చెప్పే మాట ఒకటే. "మైత్రీవనం ముందట నిలబడు, నేనొస్తా." ఆ మాట ఇప్పుడు దాదాపు పోయింది. "లొకేషన్ పంపు" అంటున్నారు. పోయిన ఏడాది వానాకాలంలో మా అబ్బాకి పాత దోస్తు అయిన ఒక చచ్చా నాకు ఫోన్ చేసి అదే అడిగారు, కాకపోతే కొంచెం తిరకాసుగా.

"బేటా, నీ లొకేషన్ నాకెందుకు. మన ఖబ్రస్తాన్ లొకేషన్ కావాలె. ఎట్ల తియ్యాలో నాకు తెల్వది. నువ్వు రా."

విషయం మీకు తెలిసిందే. 2025లో వక్ఫ్ చట్టాన్ని సవరించారు. జూన్ 6న కేంద్ర ప్రభుత్వం ఉమీద్ పోర్టల్ మొదలుపెట్టింది. దేశంలోని వక్ఫ్ జాయిదాదులన్నీ, మస్జిద్ అయినా, దర్గా అయినా, ఆషుర్‌ఖానా అయినా, ఖబ్రస్తాన్ అయినా, ఆరు నెలల్లోపల వివరాలతో అందులో ఎక్కించాలన్నారు. కొలతలతో పాటు నక్షా మీద ఆ జాగా ఎక్కడుందో, జియోట్యాగ్ కూడా ఇవ్వాలి. చచ్చా వాళ్ళది అమీర్‌పేట వెనక గల్లీలో చిన్న మస్జిద్, దాన్ని ఆనుకుని అంతకంటే చిన్న ఖబ్రస్తాన్. కమిటీలో ఉన్నవాళ్ళంతా డెబ్భై దాటినవాళ్ళే. కుర్రవాళ్ళు జుమాకి వస్తారు, సలాం చెబుతారు, వెళ్ళిపోతారు.

నేను వెళ్ళేసరికి అసర్‌కి ఇంకా టైం ఉంది. ఖబ్రస్తాన్ మధ్యలో వేపచెట్టు కింద నిలబడి ఫోన్ తీశాను. నక్షా తెరిచాను. నీలి చుక్క వచ్చింది. చచ్చా కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు.

"ఈ చుక్క ఎవరు పెట్టిండ్రు? నువ్వు పెట్టినవా, అదే పెట్టుకుందా?"

"అదే పెట్టుకుంది చచ్చా."

"మరి అది మన ఖబ్రస్తాన్‌ల లేదు కదా. పక్క అపార్ట్‌మెంట్‌ల ఉన్నది."

నిజమే. చుక్క గోడ దాటి పక్కవాళ్ళ పార్కింగ్‌లో కూర్చుంది. ఒక క్షణం తర్వాత అదే జరిగి గల్లీలోకి వచ్చింది. తర్వాత మా మీదికి వచ్చింది. మళ్ళీ గోడ దగ్గరికి పోయింది. దాని చుట్టూ లేత నీలం రంగులో ఒక గుండ్రటి నీడ, ఊపిరి తీస్తున్నట్టు పెద్దదీ చిన్నదీ అవుతోంది. ఇంట్లో పిజ్జా తెప్పించుకునేటప్పుడు చుక్క నాలుగు గజాలు అటూ ఇటూ అయితే ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ చచ్చా వాలిదైన్ ఇద్దరూ ఆ వేపచెట్టు కిందే ఉన్నారు.

అప్పుడు చచ్చా జేబులోంచి ప్లాస్టిక్ కవర్‌లో మడిచిన కాగితం తీశారు. పాత ముంతఖబ్ నకలు, ఉర్దూలో ఉంది. అందులో డిగ్రీలు లేవు, అంకెలూ పెద్దగా లేవు. హుదూదె అర్బా ఉంది. నాలుగు హద్దులు. మష్రిఖ్: రాస్తా. మగ్రిబ్: నాలా. షుమాల్: ఒక నవాబు గారి బాగ్. జునూబ్: పడావా జమీన్, అంటే బీడు. ఒక జాగా ఎక్కడుంది అంటే దాని పొరుగువాళ్ళు ఎవరో చెప్పడం. నిజాం హుకూమత్‌లో దస్తావేజులన్నీ ఇట్లాగే రాసేవారు, ఇప్పటికీ మన రిజిస్ట్రేషన్ కాగితాల్లో నాలుగు వైపుల హద్దులు రాయకుండా పని జరగదు. తెలుగులో మనం "హద్దు" అంటాం. అది అరబీ "హద్". దాని బహువచనమే "హుదూద్". గజం కూడా ఫార్సీ గజ్. చిరునామా అయితే సర్‌నామా. జాగా గురించి మాట్లాడాలంటే తెలుగువాడు తనకు తెలియకుండానే సగం ఫార్సీ మాట్లాడతాడు, ఈ సంగతి నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

చిక్కేమిటంటే ఆ నాలుగు హద్దుల్లో ఇప్పుడు మిగిలింది ఒక్కటే, రాస్తా. నాలా స్లాబు కిందికి పోయింది. బాగ్ హాస్టళ్ళయింది. బీడు భూమి అపార్ట్‌మెంటయింది. పొరుగువాళ్ళు మారిపోతే చిరునామా ఏమవుతుంది? అందుకే అంకెలు కావాలి. అంకెలేమో ఊగుతున్నాయి.

ఆ సాయంత్రం నుంచి నాకు ఈ చుక్క చరిత్ర మీద ధ్యాస పడింది. వెతుకుతూ పోతే అది అమెరికా దాకా పోయి, తిరిగి మన అమీర్‌పేట పక్క గల్లీకే వచ్చింది. అదే చెబుతాను.

ముందు పేర్లు. నక్షా మీద చుక్క ఎక్కడున్నా దాని కింద ఒక పేరు ఉండాలి కదా. పాయెగా ఖాందాన్ నవాబుల "అమీరె కబీర్" ఖితాబు నుంచి అమీర్‌పేట వచ్చిందంటారు. రెండో నిజాం కూతురు బషీరున్నిసా బేగం ఆ ఇంటికే కోడలైంది, ఆమెకిచ్చిన జాగా బేగంపేట అంటారు. పంజగుట్ట సంగతి ఇంకా బాగుంటుంది. పంజా అంటే అయిదు వేళ్ళ అరచెయ్యి, ఆ గుట్ట మీద ఉండిన పంజా నిషాన్ వల్ల ఆ పేరొచ్చిందని పెద్దల మాట. పంజా మనది, గుట్ట కూడా మనదే. ఇంకో అడుగు ముందుకెళితే ఇర్రం మంజిల్. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన మహల్. అక్కడి గుట్టను జనం తెలుగులో ఎర్రమట్టి పేరుతో పిలిచేవారట. నవాబు గారు ఆ ధ్వనికే దగ్గరగా ఉండేట్టు ఫార్సీలో "ఇరమ్" అని పెట్టారని, అంటే జన్నత్ లాంటి తోట అని, చెబుతారు. తెలుగువాడు ఎర్ర అని విన్నాడు, ఉర్దూవాడు ఇరమ్ అని విన్నాడు, ఇద్దరూ ఒకే చోటికి చేరారు. 2019లో ఆ మహల్‌ని పడగొట్టి అసెంబ్లీ కడదామని ప్రభుత్వం అనుకున్నప్పుడు హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అందుకే ఇవాళ్టికీ మెట్రో స్టేషన్ పేరూ ఉంది, మహలూ ఉంది.

కొలతల సంగతికి వస్తే, దక్కన్ నేలను డిగ్రీల్లో కొలిచిన మొదటి పెద్ద పని మనవాళ్ళది కాదు, కంపెనీ సర్కారుది. విలియం ల్యాంబ్టన్ 1802 ఏప్రిల్‌లో మద్రాస్ దగ్గర సెయింట్ థామస్ మౌంట్ పక్కన గొలుసు పరిచి ఆధార రేఖ కొలవడం మొదలుపెట్టాడు. త్రికోణం పక్కన త్రికోణం వేసుకుంటూ నిజాం ఇలాకాలోకి వచ్చాడు. 1818లో అతనికి సహాయకుడిగా హైదరాబాద్ చేరినవాడు జార్జ్ ఎవరెస్ట్, తర్వాత హిమాలయ శిఖరానికి పేరైనవాడు. కృష్ణా గోదావరి మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరం తగిలి మంచాన పడ్డాడు. ల్యాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో పోయాడు. వాళ్ళ హిమ్మత్‌కి సలాం కొట్టాల్సిందే. కానీ ఆ కొలత ఎవరి కోసం జరిగిందన్నది కూడా మరచిపోకూడదు. నేలను కొలిచినవాడి చేతికి నేల వెళుతుంది, ఆ కాలంలో వెళ్ళింది కూడా.

ఇక హైదరాబాద్ తన కొలత తాను తీసుకున్న కథ. ఇది నాకు ఇష్టమైన భాగం కాబట్టి కొంచెం ఆగుతాను.

అమీర్‌పేట నుంచి బేగంపేట వైపు నడిస్తే సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ అనే సంస్థ ఉంది. వాళ్ళ చిరునామాలో ఇప్పటికీ "నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్" అని రాస్తారు. అక్కడ పరీక్షలకు చదువుకునే పిల్లలు రోజూ ఆ దారిన పోతుంటారు, లోపల ఏముందో వందలో ఒకరికీ తెలియదు. లోపల ఒక రసద్‌గాహ్ ఉంది. నక్షత్రశాల అనుకోండి, వేధశాల అనండి.

దీని మొదలు ఇక్కడ కాదు, పాతబస్తీ అవతల ఫిసల్‌బండలో. (ఫిసల్ అంటే జారడం, బండ తెలుగు బండే. మళ్ళీ అదే కలివిడి.) నవాబ్ జఫర్ జంగ్ అనే యువ ఉమరావుకి ఆకాశం పిచ్చి. ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల గ్రబ్ దుర్బీన్ తెప్పించాడు. 1901లో తన సొంత జాగాలో రసద్‌గాహ్ పెట్టి, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇజాజత్‌తో నిజామియా అని పేరు పెట్టుకున్నాడు. 1907లో ఆయన ఇంతెఖాల్ అయ్యాక, మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఛాట్‌వుడ్ అనే ఇంగ్లీషాయన మొదటి డైరెక్టర్. ఆయన కాలంలోనే దాన్ని బేగంపేటకు మార్చారు. అప్పట్లో ఇది ఊరి బయట. ముసాఫిర్లు తప్ప రాత్రి దీపం వెలిగించేవాళ్ళు తక్కువ. నక్షత్రాలు చూడాలంటే చీకటి కావాలి కదా. ఇవాళ అమీర్‌పేటలో చీకటి ఎక్కడ దొరుకుతుంది!

ఆ రోజుల్లో ప్రపంచమంతా కలిసి ఆకాశం మొత్తానికి ఒక నక్షా గీయాలన్న పని నడుస్తోంది. 1887లో పారిస్‌లో కూర్చుని మొదలుపెట్టిన పని. ఆకాశాన్ని పట్టీలుగా చీల్చి ఒక్కో దేశపు రసద్‌గాహ్‌కి ఒక్కో పట్టీ ఇచ్చారు. చిలీలోని సాంటియాగోకి ఇచ్చిన పట్టీ, ఆకాశ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్నది, వాళ్ళ వల్ల కాలేదు. అది హైదరాబాద్ తీసుకుంది. రాత్రి గాజు పలకల మీద ఫొటోలు తియ్యడం, పగలు ఒక్కో చుక్కను భూతద్దం కింద పెట్టి ఎంత అడ్డం ఎంత నిలువు అని కొలిచి రాసుకోవడం. ఏళ్ళ తరబడి ఇదే పని. ఛాట్‌వుడ్ తర్వాత పోకాక్, ఆయన తర్వాత 1918 నుంచి 1944 దాకా టీ.పీ. భాస్కరన్ దాన్ని నడిపారు. ఆయన తర్వాత అక్బర్ అలీ. లక్షల నక్షత్రాల లెక్క సంపుటాలుగా అచ్చయింది. తర్వాత జర్మనీలోని పోట్స్‌డాం పూర్తి చెయ్యలేని ఉత్తరపు పట్టీలో కొంత భాగం కూడా మనవాళ్ళే అందుకున్నారు. ఇటు 1919లోనే రసద్‌గాహ్ ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది. ఊరి వెలుతురు పెరిగాక 1960ల చివర్లో కొత్త దుర్బీన్‌ని జాపాల్-రంగాపూర్‌లో పెట్టుకున్నారు.

ఇందులో నీలి చుక్క ఎక్కడుంది అంటారా? ఆకాశంలో చుక్క ఎక్కడుందో చెప్పాలంటే ముందు నువ్వు నేల మీద ఎక్కడున్నావో చెప్పాలి. అది తప్పయితే ఇదీ తప్పే. రసద్‌గాహ్ ఏదైనా మొదట తేల్చుకునేది తన సొంత ముకామ్. ఉత్తరానికి ఎంత పైన ఉన్నామో నక్షత్రం ఎత్తు చెబుతుంది. తూర్పుకి ఎంత దూరంలో ఉన్నామో గడియారం చెబుతుంది. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఒక డిగ్రీకి 4 నిమిషాలు. మన అమీర్‌పేట సుమారుగా 17 డిగ్రీల 26 నిమిషాల ఉత్తరం, 78 డిగ్రీల 27 నిమిషాల తూర్పు. ఐఎస్‌టీ గడియారం 82న్నర డిగ్రీల రేఖది. తేడా 4 డిగ్రీల పైచిలుకు. అంటే గడియారంలో పన్నెండు కొట్టిన పదహారు నిమిషాలకు గానీ మన నెత్తిన అసలు మధ్యాహ్నం కాదు, ఋతువును బట్టి ఇంకాస్త అటూ ఇటూ. మస్జిద్ గోడ మీద నమాజ్ టైంటేబుల్‌లో జవాల్ పన్నెండుకి కాకుండా పన్నెండు దాటాక ఎందుకు ఉంటుందో పిల్లలు అడిగితే ఇదే జవాబు. హైదరాబాద్ వక్తు విజయవాడది కాదు, వైజాగ్‌ది అసలే కాదు. మన దీన్‌లో లొకేషన్ ఎప్పుడో ఉంది. ఫోన్‌లోకి ఆలస్యంగా వచ్చింది.

ఖిబ్లా సంగతీ అంతే. "పడమర" అనుకుంటూ పెరిగాం. లెక్క వేసి చూడండి, అమీర్‌పేట నుంచి మక్కా సరిగ్గా పడమర కాదు, పడమర నుంచి ఉత్తరం వైపు దాదాపు 13 డిగ్రీలు జరుగుతుంది. ఈ లెక్క కోసమే మన ముందుతరాలు తలలు బద్దలు కొట్టుకున్నాయి. తొమ్మిదో శతాబ్దంలో అల్-ఖ్వారిజ్మీ రెండు వేల నాలుగు వందలకు పైగా ఊళ్ళకూ కొండలకూ నదులకూ అక్షాంశ రేఖాంశాలు రాసిపెట్టాడు. ఈయన పేరే లాటిన్ నోట పడి "అల్గోరిథం" అయింది. అల్-బిరూనీ 1025 ప్రాంతంలో ఒక పూర్తి కితాబు, "తహ్‌దీద్ నిహాయాతుల్ అమాకిన్", ఊళ్ళ ముకామ్‌లు తేల్చడానికే రాశాడు. అందులో ఆయన చివరికి చేరే ప్రశ్న గజనీ నుంచి ఖిబ్లా ఎటు అన్నది. ఇప్పటి పాకిస్తాన్ పంజాబ్‌లోని నందనా కోట దగ్గర కొండెక్కి, దిగంతం కంటికి ఎంత కిందికి వంగి కనిపిస్తోందో కొలిచి భూమి ఎంత పెద్దదో లెక్కగట్టినవాడు ఆయనే. ఒక్క మనిషి, ఒక కొండ, ఒక పనిముట్టు.

ఫోన్‌లో దిక్సూచి మీద నమ్మకం లేనివాళ్ళకు ఒక తేలిక ఉపాయం. ఏటా మే 28 ప్రాంతంలో మన టైం 2 గంటల 48 నిమిషాలకు, జులై 16 ప్రాంతంలో 2 గంటల 57 నిమిషాలకు సూరజ్ సరిగ్గా కాబా నెత్తిన ఉంటాడు. ఆ నిమిషంలో ఎండలో ఒక కర్ర నిలబెడితే నీడ ఖిబ్లాకు ఎదురుగా పడుతుంది. జులైలో మబ్బుంటుంది కాబట్టి మే నెలదే పట్టుకోండి.

ఇక అసలు చుక్క. 2007 నవంబర్ 28న గూగుల్ తన మొబైల్ మ్యాప్స్‌లో "మై లొకేషన్" అనే సదుపాయం పెట్టింది. (సరిగ్గా పదేళ్ళకు, 2017లో అదే తారీఖున, అమీర్‌పేట మీదుగా మన మెట్రో ప్రారంభమైంది. యాదృచ్ఛికమే, కానీ రాయకుండా ఉండలేకపోయాను.) దాని విశేషం జీపీఎస్ లేని ఫోన్‌లో కూడా పనిచెయ్యడం. ఎలాగంటే, ఫోన్ దగ్గరలో ఉన్న సెల్ టవర్‌తో మాట్లాడుతుంది. ప్రతి టవర్‌కి ఒక నంబర్ ఉంటుంది. జీపీఎస్ ఉన్న ఫోన్లు "నేను ఫలానా చోట ఉన్నాను, నాకు ఫలానా టవర్ వినిపిస్తోంది" అని చెబుతూ పోతే, ఏ టవర్ ఎక్కడుందో ఒక ఫెహరిస్త్ తయారవుతుంది. జీపీఎస్ లేని ఫోన్ ఆ ఫెహరిస్త్‌ని చూసుకుని అందాజా వేసుకుంటుంది. అందాజాయే కాబట్టి చుట్టూ పెద్ద నీలి గుండ్రం. కొన్ని వందల మీటర్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ. అప్పట్లో చుక్క నిజాయితీగా ఉండేది. "ఈ చుట్టుపక్కల ఎక్కడో ఉన్నావు బాబూ" అనేది.

తర్వాత వైఫై చేరింది. ఇది అమీర్‌పేటకి బాగా సరిపోయే తరీఖా. ఇక్కడ ఒక్కో హాస్టల్‌లో అంతస్తుకో రూటర్. ప్రతి రూటర్ తన నంబర్‌ని గాల్లోకి చెబుతూనే ఉంటుంది, మన పాస్‌వర్డ్ అవసరం లేదు. చుట్టూ వినబడే పది రూటర్ల పేర్లు చూసుకుని, ఇవన్నీ కలిసి వినబడేది ఫలానా గల్లీలోనే అని ఫోన్ తేల్చుకుంటుంది. ఆలోచిస్తే ఇది హుదూదె అర్బాయే. నీ పొరుగువాళ్ళెవరో చెప్పు, నువ్వెక్కడున్నావో చెబుతా. దాని తక్లీఫ్ కూడా అదే. పొరుగువాడు ఇల్లు మారితే లెక్క తప్పుతుంది. నేను ఇల్లు మారి రూటర్ వెంట తెచ్చుకున్నప్పుడు నా కంప్యూటర్ కొన్నాళ్ళు నన్ను పాత ఇంట్లోనే చూపించింది. మా బేగం నవ్వింది, "దానికి కూడా ఆ ఇల్లే నచ్చినట్టుంది" అని.

జీపీఎస్ కథ అందరికీ కాస్తో కూస్తో తెలుసు. అమెరికా ఫౌజ్ కోసం పుట్టింది, మొదటి ఉపగ్రహం 1978లో. 1983 సెప్టెంబర్‌లో దారి తప్పిన కొరియా విమానాన్ని సోవియట్ యూనియన్ కూల్చేశాక, ఇది తయారయ్యాక అందరికీ ఇస్తామని అమెరికా ప్రకటించింది. ఇచ్చింది కూడా, కానీ కావాలనే కొంచెం తప్పు కలిపి ఇచ్చింది. ఆ తప్పును 2000 మే మొదట్లో ఆపేశారు. ఆ రాత్రి నుంచే ఈ చుక్క మామూలు మనిషికి పనికొచ్చేది అయింది. ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి కనీసం నాలుగు ఉపగ్రహాలు తమ గడియారంలో టైం చెబుతాయి. ఆ మాటలు చేరడానికి పట్టిన సమయంలోని తేడా నుంచి ఫోన్ తన ముకామ్ లెక్కగడుతుంది. మళ్ళీ గడియారమే చూడండి. బేగంపేట రసద్‌గాహ్‌లో చేసిందీ, ఫోన్ చేసేదీ జాతి ఒకటే. ఇంకో బంధం కూడా ఉంది. పారిస్‌లో మొదలైన ఆ ఆకాశ నక్షా పాత కొలతలను 2000లో వచ్చిన టైకో-2 అనే నక్షత్రాల జాబితాకు వాడుకున్నారు. సుమారు 25 లక్షల నక్షత్రాలు వందేళ్ళలో ఎంత జరిగాయో తెలియాలంటే వందేళ్ళ నాటి కొలత కావాలి కదా. ఆ కొలతల్లో బేగంపేటలో గాజు పలకల మీద కళ్ళు కాయలు కాచేలా చూసి రాసినవి కూడా ఉన్నాయి.

నక్షా మీద చుక్క ఒక్కటే ఉంటే సరిపోదు, కింద వీధులుండాలి. 2008లో గూగుల్ మ్యాప్ మేకర్ వచ్చేనాటికి మన ఊళ్ళ నక్షాల్లో చాలా చోట్ల ఖాళీ. మామూలు జనమే తమ వీధిని తామే గీసుకునే ఆ పనిముట్టు వెనక ఉన్న ముఖ్యుల్లో ఒకరు మన తెలుగాయన, లలితేష్ కట్రగడ్డ. ఆ మరుసటి ఏడాది ఇండియాలో దారి చెప్పేటప్పుడు వీధి పేర్లకు బదులు గుర్తులు చెప్పడం మొదలుపెట్టారు. ఫలానా పెట్రోల్ బంక్ దాటాక ఎడమకి, అని. ఇక్కడ వీధి పేరు ఎవరికి తెలుసు? సత్యం థియేటర్ తెలుసు. మ్యాప్ మేకర్ 2017లో మూతపడింది. మధ్యలో 2013లో గూగుల్ జరిపిన మ్యాపథాన్ పోటీ మీద సర్వే ఆఫ్ ఇండియా పోలీసులకు ఫిర్యాదు చేసింది. 2016లో ఇజాజత్ లేకుండా నక్షా సమాచారం పెట్టినవాళ్ళకు వంద కోట్ల దాకా జుర్మానా వేసే బిల్లు ముసాయిదా వచ్చి, గోల అయ్యి, ఆగిపోయింది. 2021 ఫిబ్రవరిలో దానికి పూర్తి ఉల్టాగా తలుపులు తెరిచారు. అయిదేళ్ళలో నక్షా గీయడం నేరం నుంచి హక్కు దాకా వచ్చింది. ఇంకో నాలుగేళ్ళకు మా చచ్చా లాంటివాళ్ళకు ఫర్జ్ అయింది.

ఒక మాట పిల్లల గురించి. అమీర్‌పేటకు కోచింగ్‌కి వచ్చే మన ఆడపిల్లలు ఎందరో అమ్మీలకు లైవ్ లొకేషన్ పంపి ఉంచుతారు. 2017లో వాట్సాప్‌లో ఇది వచ్చింది. మంచిదే, నేనూ కాదనను. కానీ ఏ వెబ్‌సైటూ మీ ముకామ్ చూపించే ముందు బ్రౌజర్ ఒక ప్రశ్న అడుగుతుంది, ఇవ్వనా వద్దా అని. అది ఇస్తిజాన్. ఇంకొకరి ఇంట్లోకి సలాం చెప్పి ఇజాజత్ అడగకుండా అడుగు పెట్టకూడదని సూరె నూర్ మనకు నేర్పింది. అడిగిన ప్రతిసారీ చదవకుండా "సరే" నొక్కడం అంటే తలుపు తీసి పెట్టి నిద్రపోవడమే. టార్చిలైట్ యాప్‌కి మీ బిడ్డ ఎక్కడుందో ఎందుకు? ఇవాళే ఫోన్ తీసి, ఏ యాప్‌కి లొకేషన్ ఎప్పుడూ ఇచ్చి ఉంచారో చూడండి. అమ్మీలు బిడ్డలకు చెప్పి చూడండి, బిడ్డలు అమ్మీలకు చెప్పి చూడండి.

మళ్ళీ ఖబ్రస్తాన్‌కి వస్తాను. చచ్చా అపార్ట్‌మెంట్ వైపే చూస్తున్నారు. ఫోన్ ఎంత తప్పు చెబుతుందో అప్పుడు ఆయనకు లెక్కగట్టి చూపించాను. అడ్డంకి లేని ఆకాశం కింద మామూలు ఫోన్ జీపీఎస్ తప్పు దాదాపు 4.9 మీటర్ల లోపల ఉంటుందని అమెరికా ప్రభుత్వమే చెబుతుంది. ఆ కొలతతో గుండ్రం గీస్తే దాని లోపలి జాగా సుమారు 90 గజాలు. గుంటకు 121 గజాలు. అంటే చుక్క ఎంత బాగా కూర్చున్నా, ముప్పావు గుంట జాగాలో ఎక్కడైనా కూర్చోవచ్చు. ఇక్కడేమో చుట్టూ అయిదంతస్తుల గోడలు. ఉపగ్రహం మాట నేరుగా రాక, గోడకు తగిలి తిరిగి వచ్చి ఆలస్యంగా చెవిన పడుతుంది. ఫోన్ దాన్నే నిజమనుకుంటుంది. అందుకే ఆ దూకుళ్ళు.

"తొంబై గజాలా?" అన్నారు చచ్చా. "మొత్తం ఖబ్రస్తానే ఎంతున్నది బేటా..."

ఇక్కడ నాకు అనిపించింది రాస్తాను, తప్పయితే మాఫ్ చెయ్యండి. నక్షా మీద చుక్క పెట్టడం మంచిదే, ఎన్నో వక్ఫ్ జాగాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియకపోవడం వల్లే కబ్జా అయ్యాయి. కానీ చుక్కతో పాటు హద్దుల కాగితం లేకపోతే చుక్క గోడ దాటగలదు. రేపెవరైనా ఆ చుక్కనే చూపించి, మీరే రాశారు కదా, మీ ఖబ్రస్తాన్ పార్కింగ్‌లో ఉంది, ఇక్కడ లేదు, అంటే? కాబట్టి మేం ఇట్లా చేశాం, మీ ఊళ్ళోనూ పనికొస్తుందేమో చూడండి. గోడల పక్కన కాకుండా ఆకాశం బాగా కనబడే చోట నిలబడ్డాం. చుక్క వచ్చిన వెంటనే నొక్కకుండా, నీలి గుండ్రం చిన్నదయ్యేదాకా ఆగాం. నాలుగు మూలల దగ్గరా తీశాం, ఒక్కో మూలలో మూడుసార్లు, పొద్దున ఒకసారి మళ్ళీ సాయంత్రం ఒకసారి. అంకెలు చుక్క తర్వాత అయిదో స్థానం దాకా రాసుకున్నాం. అయిదో అంకె ఒకటి మారితే నేల మీద మీటరు పైన మారుతుంది. నాలుగోది మారితే పదకొండు మీటర్లు, అంటే ఖబ్రే మారిపోతుంది. తర్వాత టేపు పట్టుకుని మస్జిద్ గోడ నుంచి ఒక్కో మూలకు ఎంత దూరమో కొలిచాం. సర్వేయర్ వచ్చి సెంటీమీటర్ల లెక్కన తేల్చే పనిముట్టుతో తీసేదాకా ఇవి చాలు. ఫొటోలు తీశాం, పాత ఖబ్రుల మీది కతబాలతో సహా.

టేపు ఒక కొన పట్టుకున్నది హాస్టల్ కుర్రాడు. కరీంనగర్ వైపు నుంచి జావా నేర్చుకోవడానికి వచ్చినవాడు, మా వాడు కాదు, హిందువుల అబ్బాయి. గోడ మీంచి చాలాసేపు చూసి, "అన్నా, నేను పట్టుకోనా" అని తనే దూకి వచ్చాడు. పడమటి మూల దగ్గర కొలుస్తుంటే కాళ్ళ కింద స్లాబు బోలుగా మోగింది. కుర్రాడు ఆగి మళ్ళీ కాలితో తట్టాడు.

"కింద ఏముంది తాతా?"

చచ్చా ముఖం వెలిగింది. "నాలా! మగ్రిబ్‌ల నాలా!" అని ఆ కాగితం మళ్ళీ తీశారు. వాన నీళ్ళు కింద పోతున్న చప్పుడు ముగ్గురం వంగి విన్నాం.

అసర్ అజాన్ అయ్యింది. వజూకి లేచే ముందు చచ్చా నన్ను అంకెలు చదవమన్నారు. నేను తెలుగులో చదువుతుంటే ఆయన ముంతఖబ్ నకలు వెనకవైపు, ఉర్దూ అంకెల్లో, వణికే చేత్తో రాసుకున్నారు. మష్రిఖ్, రాస్తా. దాని పక్కన 17 పాయింట్ అంటూ మొదటి వరస. మగ్రిబ్ దగ్గర ఆగి, అంకెలు రాశాక, బ్రాకెట్‌లో ఇంకో ముక్క చేర్చారు: నాలా, స్లాబు కింద, మౌజూద్.